రెండు ముక్కల బాబాయి

ఆఫీసంతా బాబాయి అని పిలిచే ఆయన రెండేళ్ళుగా అక్కడ ఒక్క వాక్యం పూర్తి చేసిన పాపాన పోలేదు. ఏం కావాలన్నా రెండు ముక్కలు, మహా అయితే మూడు. "టీ. వేడి. దగ్గర్లో" అంటే టీ తెప్పించమని. కళ్ళజోడు కనబడకపోతే "కళ్ళజోడు ఎక్కడ ఉచితం" అని గొణుక్కునేవారు.

జనం నెట్‌లో ఏ మాటలు కొట్టి వెతుకుతారో కనిపెట్టి, వాటిని దుకాణాల వెబ్‌సైట్లలో పెట్టించడం ఆయన ఉద్యోగం. ఆ కీవర్డ్లు ఒంటికి పట్టేశాయని అందరూ నవ్వుకునేవారు. గుమ్మం దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తే అమ్మాయీ అలాగే అనుకుంది. నత్తి వల్ల తనూ ముక్కల్లోనే మాట్లాడేది. బాబాయి ఉన్నచోట అదెవరికీ వింతగా తోచేది కాదు.

ఇంతలో వెతుకులాటలోకి ఏఐ వచ్చింది. జనం రెండు మాటలు కొట్టడం మాని, పక్కింటివాళ్ళకి చెప్పుకున్నట్టు గోడు వెళ్ళబోసుకోవడం మొదలెట్టారు. మేనేజర్‌కి గుబులు పట్టుకుంది.

"బాబాయ్, ఇక కీవర్డ్లతో పని జరగదు. చెప్పుల షాపాయనకి సాయంత్రంలోగా జనం అడిగే ప్రశ్నలు కావాలి, పూర్తి వాక్యాల్లో. మీ వల్ల కాకపోతే ఇంకొకర్ని చూసుకుంటా."

"వాక్యాలు. సాయంత్రం. సరే."

ఈయన ఉద్యోగం ఊడినట్టేనని అమ్మాయికి దిగులేసింది.

నాలుగింటికల్లా కాగితం వచ్చింది. మేనేజర్ పైకి చదివాడు. "నా ఎడమకాలు కుడికాలి కంటే కాస్త పొట్టి, నలుగురికీ తెలియకుండా ఆ తేడా కప్పేసే చెప్పులు ఎవరైనా కుడతారా?" అలాంటివి నలభై. ఉద్యోగం నిలబడింది.

అప్పుడే ఫోన్ మోగింది. బాబాయి భార్య.

"ఆయన సెల్ ఎత్తట్లేదమ్మా. ఎవరికో కథ చెబుతున్నారా? ఇంట్లో మాకు నోరు తెరిచే సందివ్వరు."

"ఇ... ఇక్కడ రెండు ముక్కలే."

"ఓహో, అదింకా సాగుతోందా? రెండేళ్ళ క్రితం ఆఫీసులో కొత్తమ్మాయి మాట తడబడితే ఎవరో నవ్వారట. రేపట్నుంచి నేనూ ముక్కలే మాట్లాడతానన్నారు. ఇంతకీ ఆ అమ్మాయి బాగానే ఉందా?"

అమ్మాయికి బాబాయి మీద పట్టలేనంత ప్రేమ పొంగింది. తిన్నగా ఆయన దగ్గరికెళ్ళింది.

"బాబాయ్, నా... నా కోసం నోరు కట్టేసుకోకండి. ఎంతసేపు పట్టినా నేను పూ... పూర్తిగానే మాట్లాడతాను."

రెండు నిమిషాలు పట్టింది. బాబాయి అడ్డురాలేదు, మాట అందివ్వలేదు. అంతా విన్నాక కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"అమ్మయ్య. అయితే విను. మా చిన్నత్తయ్య ఇల్లు మారినప్పుడు బీరువా ఏమైందంటే..."

మర్నాడు మధ్యాహ్నానికి కూడా బీరువా లారీ ఎక్కలేదు. మేనేజర్ అమ్మాయి దగ్గరికొచ్చి చేతులు జోడించాడు.

"ఆయన్ని మళ్ళీ కీవర్డ్లలోకి పంపే ఉపాయం ఉంటే చెప్పమ్మా."

"వీ... వీల్లేదండీ" అంది అమ్మాయి తాపీగా. "ఆ బీరువా ఏమైందో నాకు తెలియాలి."