వంగని గోల్ఫు కర్ర

ఇది మహాకావ్యం. ఇందులో సముద్రతీరం ఉంది, రథం ఉంది, ఆయుధం ఉంది, వీరుడు నేలకొరగడం ఉంది, ఆపైన విరహం ఉంది. మనసు మెత్తనివాళ్లు చేతిరుమాలు దగ్గర పెట్టుకుని చదవండి.

సరే, అబద్ధం. రథమంటే మేత వాసన కొట్టే నా పాత బైకు. ఆయుధమంటే గోల్ఫు కర్ర. వీరుడంటే నేను. నేలకొరగడం మాత్రం నిజం, సాక్షులున్నారు. విరహం కూడా నిజమే కానీ, దాని గురించి రాస్తే మా ఆఫీసువాళ్లు నన్ను బతకనివ్వరు. అందుకని కర్ర గురించే చెబుతాను. ఒక కర్ర ఎంత వంగాలన్నదే ఈ కథంతా.

అప్పుడు నేను గుడివాడలో చేపల మేత అమ్మే ఉద్యోగంలో కొత్తగా చేరాను. ముదినేపల్లి చెరువుల నుంచి బందరు దాకా నా రాజ్యం. నా ప్రజలు చేపలు. వాటి తరఫున రైతులు నన్ను తిట్టేవారు. ఒకరోజు ఓ రైతు ముందు నా బలం చూపిద్దామని మేత బస్తా ఒంటిచేత్తో లేపాను. బస్తా లేచింది. భుజం దిగింది.

అలా బందర్లో ఫిజియోథెరపీ చేసే షారోన్ గారి దగ్గరికి చేరాను. ఇంటి ముందుగదే ఆవిడ క్లినిక్కు. నా చెయ్యి పట్టుకుని పైకెత్తి, “నొప్పిగా ఉందా?” అన్నారు. ఉందంటే చెయ్యి వదిలేస్తారేమోనని లేదన్నాను. లేదంటే ఇంటికి పంపేస్తారేమోనని వెంటనే ఉందన్నాను.

“సతీష్ గారూ, ఏదో ఒకటి చెప్పండి. చెయ్యి మీది.”

అంతే. చెయ్యి నాది కాకుండా పోయింది అప్పుడే.

గోడమీద ఒక ఫొటో ఉంది. పచ్చటి గడ్డిలో ఒక పెద్దాయన పొడవాటి కర్ర భుజానికి ఆనించి నవ్వుతున్నాడు. ఎవరని అడిగాను.

“మా నాన్నండీ. వైజాగ్‌లో ఓడల ఇంజినీరుగా చేసినప్పుడు తెల్లారితే గోల్ఫే. రిటైరై ఇక్కడికొచ్చాక తోడు ఆడేవాళ్లు లేరు. శనివారాలు సముద్రం వైపు చవుడు నేలలోకి వెళ్లి ఒక్కరే కొట్టుకుంటారు. మోకాలు బాగోదని నేనూ వెళ్తాను.”

ఇందులో గోల్ఫు, మోకాలు, చవుడు నేల నా చెవి పక్కనుంచి వెళ్లిపోయాయి. “శనివారాలు నేనూ వెళ్తాను” అన్నది మాత్రం లోపలికొచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంది.

“నేనూ ఆడతానండీ” అన్నాను.

“ఏంటి?”

“గోల్ఫు.”

“ఎక్కడ?”

“ముదినేపల్లిలోనండీ.”

“ముదినేపల్లిలో గోల్ఫా!”

“చెరువు గట్ల మీదండీ. ప్రాక్టీసు.”

ఆవిడ నా భుజంకేసి ఒకసారి, మొహంకేసి ఒకసారి చూసి, లోపలికి తిరిగి, “నాన్నా, ఒకసారి రా!” అని పిలిచారు.

రాజరత్నం గారు కుంటుకుంటూ వచ్చారు. విషయం వినగానే ఆయన మొహం చూడాలి! బీటలు తీసిన పొలానికి కాలవ నీళ్లు అందినప్పుడు రైతు మొహం అలాగే ఉంటుంది.

“నిజంగానా బాబూ? ఈ ఊళ్లో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు దొరకలేదయ్యా నాకు! భుజం తగ్గగానే శనివారం పొద్దున్నే వచ్చెయ్. నీ డ్రైవర్ నువ్వు తెచ్చుకో. మనిద్దరికీ కుదిరిందనుకో, ఇక ప్రతి శనివారం ఆటే. ఆట అయ్యాక మా ఇంట్లోనే టిఫిను.”

ప్రతి శనివారం. టిఫిను. వాళ్లింట్లో. పాఠకమహాశయా, రాజ్యాలు ఇంతకంటే తక్కువకే కూలిపోయాయి.

డ్రైవర్ అంటే కారు తోలేవాడు కాదని ఆ రాత్రే ఫోన్లో చూసి తెలుసుకున్నాను. బంతిని అన్నిటికంటే దూరం కొట్టే పొడుగు కర్ర. కొందామని ఆన్‌లైన్‌లోకి వెళ్తే అది నన్నొక ప్రశ్న అడిగింది. కర్ర ఎంత వంగాలి? లేడీస్, సీనియర్, రెగ్యులర్, స్టిఫ్, ఎక్స్‌ట్రా స్టిఫ్. మీ ఊపు ఎంత వేగమో చూసి ఎంచుకోండి అని కింద సన్నటి అక్షరాలు. నిదానంగా ఊపేవాళ్లకు వంగే కర్ర, మెరుపులా ఊపేవాళ్లకు వంగని కర్ర అని దాని భావం. నేను అప్పటిదాకా ఊపినవాటిలో పెద్దది ఉయ్యాల.

సలహా కోసం నాగాయలంకలో పడవ నడిపే మా మావయ్యకు ఫోన్ చేశాను. కర్రల గురించి మా వంశంలో ఆయన్ని మించినవాడు లేడు. వెదురు దుకాణంలో పడవ తోసే గెడ మొన నేలకి ఆనించి, ఒళ్లంతా దానిమీద వేసి నొక్కి, అది కాస్త వంగినా పక్కన పారేసే మనిషి.

“మావయ్యా, కర్ర వంగితే మంచిదా, వంగకపోతే మంచిదా?”

“వంగే గెడ ఏం గెడరా అల్లుడూ? నడి ఏట్లో బురదలో దిగబడితే నీ బరువు ఆపద్దా? గట్టిది తీసుకో.”

“అంటే స్టిఫ్ తీసుకోనా?”

“ఇంకా గట్టిది లేదా?”

“ఎక్స్‌ట్రా స్టిఫ్ ఉంది.”

“మరి అది ఉండగా ఇంకోటి ఎందుకు చూస్తున్నావ్? ఇంతకీ పడవెక్కడ కొన్నావ్?”

పడవ లేదని చెప్పలేదు. ఆ ఎక్స్‌ట్రా స్టిఫ్‌నే నొక్కాను. నిజం చెప్పాలంటే మావయ్య వద్దన్నా అదే నొక్కేవాణ్ని. షారోన్ గారు పక్కన నిలబడి, “మీది ఏ రకం?” అని అడిగితే “రెగ్యులర్ అండీ” అని ఎలా చెప్పను? అది హోటల్లో మామూలు భోజనం అడిగినట్టుంటుంది.

భుజం తగ్గింది. శనివారం వచ్చింది. చవుడు నేల తెల్లగా, గడ్డిపోచ లేకుండా సముద్రం దాకా పరుచుకుని ఉంది. కుడివైపు కాస్త దూరంలో నాంచారమ్మ అనే ఆవిడ వలలు పరిచి నెత్తళ్ల చేపలు ఎండబెడుతోంది. షారోన్ గారు బంతుల సంచీ పట్టుకుని నిలబడ్డారు. గాలికి ఆవిడ చున్నీ సముద్రంవైపు ఎగురుతోంది. నేను బంతికేసి చూడాల్సినవాణ్ని.

ముందు రాజరత్నం గారు కొట్టారు. మోకాలు బాగోని ఆ మనిషి తీరిగ్గా, నిద్రలో ఒళ్లు విరుచుకున్నట్టు కర్ర తిప్పారు. కర్ర కాస్త వంగి, చివర్లో కొరడాలా లేచింది. బంతి కొంగలా పైకెళ్లి, చాలాసేపు ఆకాశంలో ఉండి, ఎక్కడో దిగింది. ఆయన దానికేసి అలాగే చూస్తూ, “వైజాగ్‌లో అయితే ఇది గడ్డి మీద పడేది” అన్నారు మెల్లగా.

తర్వాత నేను. మొదటి దెబ్బ గాలికి తగిలింది. గాలి ఏమీ అనలేదు. రెండో దెబ్బ బంతికే తగిలింది. అది మోకాలెత్తున లేచి, నేను చూస్తున్న దిక్కు తనకు నచ్చనట్టు కుడివైపు తిరిగి, నేరుగా వెళ్లి నెత్తళ్లలో పడింది.

“ఎవరయ్యా అది!” నాంచారమ్మ లేచింది. “ఏందయ్యా ఇది, రాయిలాంటి గుడ్డు! నా చేపల్లో ఏస్తారేంది?”

“పొరపాటమ్మా!” అని అరిచాను.

“పొరపాటైతే అటు సముద్రం అంతుంది కదయ్యా, అందులో ఏసుకోరాదా?”

షారోన్ గారు నవ్వాపుకోలేక సంచీ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. రాజరత్నం గారు నా కర్ర అందుకుని, దాని మీద అక్షరాలు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

“బాబూ, ఇది ఎక్స్ కదయ్యా. కుర్ర చాంపియన్లు వాడేది. నీ ఊపుకి ఇది వంగదు. వంగకపోతే బంతి తిన్నగా పోదు, కుడికే పోతుంది. ఇదుగో, నాది సీనియర్. మెత్తగా ఉంటుంది. దీంతో కొట్టు.”

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆయన కర్ర చాచి ఉంది. నేను చెయ్యి చాపితే చాలు. ప్రతి శనివారం, టిఫిను, ఎగిరే చున్నీ, అన్నీ ఆ కర్ర చివర వేలాడుతున్నాయి. కానీ సీనియర్! ఇరవై నాలుగేళ్లవాణ్ని, ఆవిడ చూస్తుండగా, ముసలివాళ్ల కర్ర పట్టుకోవాలా?

“పర్లేదండీ. నాకు ఇదే అలవాటు” అన్నాను.

“సతీష్ గారూ, నాన్నది తీసుకోండి” అన్నారు షారోన్ గారు. ఇప్పుడు నవ్వడం లేదు.

“అక్కర్లేదండీ. ఈసారి చూడండి.”

చూశారు. ఒంట్లో ఉన్న బలమంతా తీసి ఊపాను. కర్ర వంగలేదు. ఏదో ఒకటి వంగాలి కాబట్టి నేను వంగాను. భుజం పాతచోటే మళ్లీ టక్కుమంది. చవుడు మీద బోర్లా పడ్డాను. బంతి, మీరనుకున్నట్టే, కుడివైపుకే వెళ్లింది.

“మళ్లీనా!” అని నాంచారమ్మ గొంతు.

షారోన్ గారు పరుగెత్తుకొచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, “నొప్పిగా ఉందా?” అన్నారు. ఈసారి ఉందనే చెప్పాను. నా జీవితంలో నేను చెప్పిన నిజాల్లో అది అన్నిటికంటే సుఖంగా ఉంది.

సుఖం అంతవరకే. భుజం పూర్తిగా కుదిరేదాకా గోల్ఫు మాటెత్తొద్దని ఆవిడే కట్టడి చేశారు. అది కుదిరేసరికి పొలాల్లో నాట్లు పడ్డాయి. ఈలోగా ఆవిడకు వైజాగ్‌లో ఆసుపత్రి ఉద్యోగం వచ్చింది. నాన్నకు మళ్లీ గడ్డి దొరుకుతుందని ఆవిడ సంతోషం. వెళ్లేముందు చూద్దామని వెళ్లాను. ఇంటినిండా కట్టేసిన పెట్టెలు.

“ఆరోజు నాన్న కర్ర ఎందుకు వద్దన్నారు?” అని అడిగారు.

“ముసలివాళ్ల కర్ర కదండీ అని…”

“దాంతోనే నేనూ నేర్చుకుంటున్నానండీ. ముదినేపల్లి గోల్ఫని మీరు చెప్పినప్పుడే నాకు తెలుసు, మీకు రాదని. శనివారాలు నేనే నేర్పిద్దామనుకున్నాను.”

పెట్టెలు మొయ్యమంటే బాగుండును అనిపించింది. భుజం కారణంగా అవీ మొయ్యనివ్వలేదు.

ఇప్పటికీ బందరు వైపు పని పడితే చవుడు నేల పక్కన బైకు ఆపుతాను. చూడటానికి అక్కడేమీ ఉండదు. గాలి ఉంటుంది. ఎగరెయ్యడానికి దానికేమీ దొరకదు. నాంచారమ్మ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, “అమ్మాయిగారు రాలేదా బాబూ?” అంటుంది. “ఈ వారం రాలేదమ్మా” అంటాను, వచ్చేవారం వస్తారన్నట్టు.

కనుక సముద్రం సాక్షిగా, నెత్తళ్ల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఎవరు మెత్తటి కర్ర అందించినా రెండు చేతులా కళ్లకద్దుకుని పుచ్చుకుంటాను. పడవ నడిపేవాళ్లను పడవ సంగతే అడుగుతాను. వంగాల్సి వస్తే కర్ర కంటే ముందు నేనే వంగుతాను, కానీ నిలబడి.

మొన్న పెదపారుపూడి దగ్గర ఉండగా ఫోన్ మోగింది. వైజాగ్ నుంచి షారోన్ గారి మెసేజీ. బైకు పక్కకు తీశాను, హెల్మెట్ తీశాను, జుట్టు కూడా సర్దుకున్నాను, ఎందుకో తెలియదు. అప్పుడు తెరిచాను.

“సతీష్ గారూ, నాన్న చెప్పమన్నారు. మీ డ్రైవర్ పారెయ్యకండి. బంతికి తగిలే తల దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది. అది విప్పితే కర్ర ఊడొస్తుంది, మెత్తటిది బిగించుకోవచ్చట.”

ఇంటికెళ్లి కర్ర వచ్చిన డబ్బా దులిపాను. రెంచ్ అందులోనే ఉంది. ఎడమవైపు తిప్పాలి.