ఒక మూర దూరం

చిన్నమ్మాయి ఫోను చేతిలోకి తీసుకునే ముందు బొటనవేళ్ళు రెండూ ముగ్గుపిండి డబ్బాలో అద్దుకుంటుంది. ఒకదానితో ఒకటి రుద్ది, ఉఫ్ అని ఊదుతుంది. సముద్రం పక్కన ఊరు, ఏ కాలమైనా చెయ్యి చెమరుస్తుంది. చెమట వేలు అద్దం మీద జారుతుంది. జారితే గురి తప్పుతుంది.

ఆ వేళ్ళను పుదుచ్చేరి ఒర్లియంపేటలో అందరూ ఎరుగుదురు. అరుగు మీద కూర్చుని ఆమె మల్లెలు కడుతుంటే వేళ్ళు కనిపించవు, దండ పొడుగవటమే కనిపిస్తుంది. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా ఒక మూర. కొలిచి, ఇంకో నాలుగు పూలు కొసరు వదిలి తెంపుతుంది. అడిగినా అడగకపోయినా కొసరు ఉంటుంది. తల్లి అంబుజం పూలు కట్టిన కాలం నుంచీ ఆ ఇంటి మర్యాద అది.

పేరుకే చిన్నమ్మాయి, ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి. పెళ్ళయిన ఏడాదికే పుట్టింటికి తిరిగి వచ్చింది. ఎందుకని వీధి అడిగింది. ఆమె చెప్పలేదు. తల్లీ కూతుళ్ళు మాట్లాడుకునేది తెలుగు, ఏ తాతల కాలంలోనో ఈ ఊరికి వచ్చిన తెలుగు. మాట మిగిలింది, రాత మిగల్లేదు. బడిలో నేర్చింది తమిళం. తెలుగు అక్షరాలు కనపడితే ఆమెకవి మెలికల ముగ్గే.

ఆమె ఫోనులో ఆట పెట్టింది శిలంబరసన్. మూడిళ్ళ అవతల ఉండే మీనా కొడుకు, వాళ్ళింట్లోనూ ఇదే తెలుగు. కరోనా రోజుల్లో మార్కెట్టు మూతపడి ఆమె చేతులు ఊరికే ఉన్నప్పుడు వచ్చాడు.

"అత్తా, అయిదుగురు కావాల. నలుగురమే ఉండాం. నువ్వు మా వెనక వస్తా ఉండు, దెబ్బ తగిలినోడికి మందెయ్యి. అంతే."

"నాకేం తెలుసురా ఈ కుస్తీలు?"

"పూలు కట్టే చేతికి ఇదొక లెక్కా?"

అలా ఆమె హీలర్ అయింది. ఎదుటివాళ్ళ కోట కూల్చటానికి ఇటు అయిదుగురు, అటు అయిదుగురు కొట్టుకుంటూ ఉంటే హీలర్ ఎవరినీ చంపదు. ఆమె చుట్టూ పచ్చటి వెలుగు ఒక వలయంలా పడుతుంది. వలయం లోపల ఉన్నవాడి గాయం మానుతుంది. బయట ఉన్నవాడిది మానదు. ఆ వెలుగు ఎంత దూరం పడుతుందో మూడో రోజుకే ఆమె కంటికి అందింది, మూర కొలతలాగే.

శిలంబరసన్‌ది రెండు కత్తుల వేటగాడి పాత్ర. ముందు వెనక చూడకుండా ఎదుటివాళ్ళ మధ్యలోకి దూకేవాడు. చచ్చేలోపల పచ్చటి వెలుగు వచ్చి మీద పడేది. మళ్ళీ లేచేవాడు. అలా నాలుగేళ్ళు లేచాడు. ఆ ఆటలో ఒక్కో పాత్రకు ఊరి జాబితా వేరుగా ఉంటుంది. ఆ పాత్రతో గెలిస్తే పాయింట్లు పెరుగుతాయి, ఓడితే తరుగుతాయి. ప్రతి సోమవారం తెల్లవారేసరికి కొత్త జాబితా వస్తుంది. పుదుచ్చేరిలో రెండు కత్తుల జాబితాలో మొదటి పేరు శిలంబరసన్‌ది. ఆ పేరు చూసి చిన్నమ్మాయి కూడా సంతోషపడేది.

నిరుడు జనవరిలో ఒక కాలేజీ హాల్లో పోటీ పెట్టారు. ఆ పొద్దున ఆమె అయిదుగురికీ మణికట్టుకు కట్టుకునే అయిదు చిన్న దండలు కట్టింది. అరటాకులో చుట్టుకుని, పట్టుచీర కట్టుకుని వెళ్ళింది.

వేదిక మీద అయిదు కుర్చీలూ నిండి ఉన్నాయి. ఆమె కుర్చీలో కిరుమాంబాక్కం నుంచి వచ్చిన మణిమారన్ అనే కాలేజీ కుర్రవాడు కూర్చున్నాడు.

"అత్తా, చూడ్డానికి వచ్చినావా?" అన్నాడు శిలంబరసన్. "వెనక కుర్చీలు ఖాళీగా ఉండాయి చూడు."

"నా పేరుంది గదరా."

"ఉండె. రాత్రి మార్చినాం. ఫోటోలు తీస్తారు అత్తా. నువ్వు మా మధ్యలో కూర్చుంటే ఎట్లుంటుందో నువ్వే చెప్పు."

ఎవరో నవ్వారు.

"నాలుగేండ్లు నీతో ఆడినా," అంది.

"ఆడినావా? మేము మోసినాం, నువ్వు వచ్చినావు. ఒక్కదానివే ఆడు. యాడుంటావో చూస్తాం."

ఆమె అరటాకు పొట్లం పట్టుకుని అలాగే ఇంటికి నడిచి వచ్చింది. అరుగు మీద కూర్చుని అయిదు దండలూ ఒక్కొక్క ముడే విప్పింది. కట్టిన పూలు విప్పటం ఆ ఇంట్లో అంతకు ముందెప్పుడూ జరగలేదు.

"ఏందే, కట్టినవి విప్పతా ఉండావు?" అంది అంబుజం లోపలి నుంచి.

"వేరేది కట్టాల."

ఆ రోజు నుంచి ఆమె హీలర్ ఆడలేదు. ఇక ఎవరి గాయమూ మాన్పేది లేదనుకుంది. రెండు కత్తులు తీసుకుంది. వాడి కత్తులే. ఒక్కతే ఆడింది. ఒక్కతే అంటే, ప్రతి ఆటకూ ఎవరో నలుగురు ముక్కూ మొహం తెలియనివాళ్ళు పక్కన పడతారు. ఒకడు సగంలో వదిలి అన్నానికి పోతాడు. ఒకడు తన తప్పుకు ఆమెను తిడతాడు. ఆడగొంతు వినగానే వంట చేసుకోమనేవాడు ఇంకొకడు. అయిదుగురు కలిసికట్టుగా ఎక్కే మెట్లు ఆమె ఈ జనాన్ని లాక్కుంటూ ఎక్కాలి. పొద్దుటి పూలు పదకొండుకు అయిపోతాయి, సాయంత్రం పూలు నాలుగుకు మొదలవుతాయి. ఆ మధ్యనే ఆట.

"ఎవుర్ని పొడస్తా ఉండావే?" అనేది అంబుజం.

"ఎవుర్నో."

"మీనా కొడుకుని కాదా?"

"వాడిగ్గూడా దినం వస్తుంది."

"బాగా పొడు," అని తల్లి అటు తిరిగి పడుకునేది.

మార్చిలో కొత్త సీజను మొదలైంది. సీజను మొదట్లో మన ఊరు ఏదో ఫోనుకు చెప్పాలి. బొత్తాం నొక్కితే నిలబడ్డ చోటును అదే పట్టుకుంటుంది. మళ్ళీ మూడు నెలల దాకా మారదు. ఆ పొద్దున చిన్నమ్మాయి కొట్టకుప్పంలో పెళ్ళిమండపానికి పూలజడలు ఇచ్చి, గడప పక్కన నిలబడి బొత్తాం నొక్కింది. వీధికి ఇటు పుదుచ్చేరి, అటు, మండపం వైపు, తమిళనాడు. పుట్టినప్పటి నుంచీ రోజుకు రెండుసార్లు దాటే గీత, ఆమెకు గుర్తే లేదు. ఫోనుకు మాత్రం ఉంది.

మూడు నెలలు ఆడి పైకి వచ్చింది. పేరు వచ్చింది. కానీ తమిళనాడు వైపు విల్లుపురం జిల్లా జాబితాలో వచ్చింది.

శిలంబరసన్ దాన్ని ఫోటో తీసి వీధి గ్రూపులో పెట్టాడు. "విల్లుపురం మహారాణికి జే" అని తమిళంలో రాశాడు. పూలు కొనటానికి వచ్చినవాళ్ళు కూడా "మహారాణీ, బాగుండావా?" అన్నారు. ఆమె అందరికీ నవ్వింది. అందరికీ కొసరు కూడా వేసింది. మీనాకు కూడా వేసింది. లోపల ఏముందో పూలకు తెలియనివ్వలేదు.

జూన్‌లో రెండో సీజను తెరిచినప్పుడు సొంత గడప మీద, చెప్పులు లేకుండా నిలబడి బొత్తాం నొక్కింది. పుదుచ్చేరి అని వచ్చింది. రెండుసార్లు చదువుకుంది.

ఆగస్టు చివరి ఆదివారానికి ఆమె రెండో పేరు. మొదటి పేరు శిలంబరసన్. మధ్యలో తొమ్మిది పాయింట్లు. తెల్లవారితే సీజను చివరి జాబితా. అదే మూడు నెలలు ఊరి పేరు పక్కన నిలిచిపోతుంది.

మధ్యాహ్నం రెండింటికి వేళ్ళు పిండిలో అద్దింది. ఊదింది. ఆట పిలిచింది. పక్కన పడిన నలుగురి పేర్లు వచ్చాయి. మొదటి పేరు ఆమెకు తెలిసినదే. శిలంబరసన్. పై మెట్టుకు వచ్చినవాళ్ళు తక్కువ. ఏదో ఒకరోజు ఎదురుపడతారని ఆమెకు తెలుసు. ఎదురుగానే అనుకుంది. పక్కన పడతాడనుకోలేదు.

పాత్ర ముందు ఎంచుకునే వంతు వాడిది. రెండు కత్తులు వాడు తీసుకున్నాడు. ఒక పాత్ర ఒకరికే.

"ఎవురది, మా అత్తేనా?" మైకులో వాడి గొంతు ఉత్సాహంగా ఉంది. "కోపం పెట్టుకోవద్దు. పాతట్లా నా వెనక రా. ఇదొక్కటి గెలిస్తే ఈ సీజను నాకు ఎవురూ అందరు."

చిన్నమ్మాయి వేళ్ళు మళ్ళీ పిండిలో పెట్టింది. ఈసారి నెమ్మదిగా రుద్దుకుంది. హీలర్ ఆడితే ఆమె కత్తుల పాయింట్లు కదలవు, గెలిచినా ఓడినా. వాడివి కదులుతాయి. ఓడితే పది పోతాయి. ఇద్దరి మధ్య ఉన్నవి తొమ్మిది.

హీలర్ తీసుకుంది.

"అదీ మా అత్త!" అన్నాడు.

మిగతా ముగ్గురిలో ఇద్దరు మాట్లాడలేదు. మూడో మనిషి ఆడపిల్ల. "తెలుగు వాళ్ళా అండీ? నా పేరు ఆమని, మాది యానాం. ఇక్కడ హాస్టల్లో ఉంటానండి. ఈ ఆట గెలిస్తే పై ర్యాంకుకు వెళ్తాను అక్కా, ఆరు నెలల నుంచి చూస్తున్నాను."

"సెరిమ్మా," అంది చిన్నమ్మాయి.

ఆట మొదలైంది. శిలంబరసన్ ఎప్పటిలాగే దూకాడు. ఆమె ఎప్పటిలాగే వెనక పరుగెత్తింది. పచ్చటి వెలుగు వాడి మడమల దాకా వచ్చింది. అక్కడ ఆగింది. ఒక్క మూర. వాడు చచ్చాడు.

"నెట్టు ఆగినట్టుంది," అన్నాడు. తిరిగి లేవటానికి పది లెక్కపెట్టాలి. లేచాడు, దూకాడు. ఆమె మళ్ళీ వెనకే ఉంది. మళ్ళీ ఒక మూర. ఆమనికి గాయమైతే వెలుగు నిండుగా పడింది. మాట్లాడని ఇద్దరికీ పడింది. చూసేవాళ్ళకు హీలర్ పరుగెత్తుతూనే ఉంది, చెయ్యగలిగినదంతా చేస్తూనే ఉంది.

"అత్తా, మందు!"

"వస్తా ఉండా."

"అత్తా! చస్తా ఉండా!"

"వస్తా ఉండా గదరా."

అంబుజం మంచం మీద లేచి కూర్చుంది. "ఎవురే అట్లా అరస్తాడు?"

"మీనా కొడుకు."

"దెబ్బ తగిలిందా?"

"తగిలింది."

"మందెయ్యకూడదా?"

"దూరంగా ఉండాడు."

ఏడోసారీ వాడు అలాగే దూకాడు. దూకితే చావు అని తెలిసినా దూకటం తప్ప వాడికి ఇంకొకటి రాదు. నాలుగేళ్ళు వెనక ఒకరు ఉన్నారు, వెనక చూసుకోవటం నేర్చుకోలేదు. ఈ సంగతి చిన్నమ్మాయి ఇప్పుడే చూసింది. ఎవరు ఎవర్ని మోశారో కళ్ళ ముందు కనపడుతోంది. ఆమెకు నవ్వు రాలేదు. ఆకలి తీరుతున్నప్పటి నిదానం వచ్చింది.

ఆమని మాత్రం కనిపెట్టింది. మెల్లగా అంది, "అక్కా, మీరు వస్తున్నారు కానీ... ఆయన దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నారండి."

చిన్నమ్మాయి ఆమని వైపు తిరిగింది. ఆ పిల్ల గాయం మాన్పింది. అప్పటికి తమ కోట సగం కూలింది. ఇంకో రెండు నిమిషాల్లో మొత్తం కూలింది, ఆట ఓడారు. శిలంబరసన్ పదకొండుసార్లు చచ్చాడు.

"ఒక్క అడుగు అత్తా," అన్నాడు. గొంతు పిల్లవాడి గొంతులా ఉంది. "ఒక్క అడుగు ముందుకు వచ్చింటే బతికేటోణ్ణి."

ఏడెనిమిది నెలలుగా నోట్లో పెట్టుకున్న మాట. ఆమె తొందరపడలేదు.

"ఒక్కడివే ఆడు," అంది. "యాడుంటావో చూస్తాం."

మైకు ఆపేసింది.

కాసేపటికి ఆమని దగ్గర నుంచి ఒక సందేశం వచ్చింది. తెలుగు అక్షరాల్లో, రెండు వరుసలు. చిన్నమ్మాయి దాన్ని చాలాసేపు చూసింది. చదవగలిగినవాళ్ళు ఊళ్ళో లేకపోలేదు. జవుళికొట్టు ఆయన చదువుతాడు. ఆమె ఎవరికీ చూపించలేదు. తుడిపేయనూ లేదు. నాలుగయింది. తడిగుడ్డ కింద నుంచి సాయంత్రం మొగ్గలు తీసింది.

మర్నాడు తెల్లవారి జాబితా చూసింది. మొదటి పేరు ఆమెది, పక్కన పుదుచ్చేరి. శిలంబరసన్ పేరు కోసం వేలితో కిందికి తోసింది. నాలుగోది. సాయంత్రం కోపంతో ఇంకా ఆడినట్టున్నాడు. ఫోను బోర్లా పెట్టి, పిండి డబ్బా తీసుకుని గడప ముందు నీళ్ళు చల్లి ముగ్గు వేసింది. అరుగు మీద కూర్చుంది.

సోమవారం మీనా ఇంట్లో దేవుడికి పూలు కావాలి. ఎప్పుడూ మీనాయే వచ్చేది. ఆ రోజు కొడుకు వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముగ్గు తొక్కకుండా పక్కగా నిలబడ్డాడు.

"అమ్మకు ఒళ్ళు బాగలేదు. ఒక మూర, అత్తా."

ఆమె దండ మోచేతి దగ్గర పట్టి నడిమివేలి కొస దాకా చాచింది. వాడి ముఖం చూడలేదు. వేలి కొస దగ్గర, సరిగ్గా అక్కడ, నార తెంపింది. ఆకులో చుట్టి చేతిలో పెట్టింది.

వాడు చెయ్యి చాపి ఇంకా నిలబడే ఉన్నాడు. పుట్టినప్పటి నుంచీ చూసిన నాలుగు పూల కోసం.

ఆమె కొత్త నార అందుకుని ఇంకొకరి మూర మొదలుపెట్టింది.