కంప్యూటరు లేచేటప్పుడు మంగత్త వినే చప్పుడు

మా చిన్నప్పుడు... వాకాడు దగ్గర మా పల్లెలో కంప్యూటరు లేస్తున్నదంటే, గదిలో ఉన్నవాళ్లు మాట ఆపి నిలబడేవారు.

అది రొయ్యల చెరువుల కంపెనీ ఆఫీసు. ఉప్పుగాలికి తలుపు బందులు తుప్పుపట్టి మూలుగుతుండేవి. లోపల ఒక మూలన, దుప్పటి కప్పుకుని కూర్చున్న మనిషిలా ఆ యంత్రం ఉండేది. మా మేనత్త మంగమ్మ అక్కడ చిమ్మి, కుండలో నీళ్లు పోసి పెట్టేది. బడి లేని రోజుల్లో నేను ఆమె వెంట వెళ్లేవాణ్ణి.

కంప్యూటరు నడిపే శామ్యూల్ అన్న వచ్చి, ముసుగు తీసి, స్విచ్చి నొక్కేవాడు. ముందు ఫ్యాను రొద... ఆ తరువాత నల్లని తెర మీద తెల్లని అంకెలు పైకి పెరుగుతూ పోయేవి. వాటితోపాటే లోపలినుంచి ఒక చప్పుడు. టక్... టక్... టక్... ఎవరో చెక్క మీద తట్టినట్టు.

ఆ చప్పుడు మొదలుకాగానే అత్త చీపురు కింద పెట్టి నా భుజం పట్టుకునేది. ఆగేదాకా వదిలేది కాదు.

దానికి కారణం మా పల్లె ఆచారం. చేపల వేటకు వెళ్లిన పడవ ఒడ్డు చేరగానే ఊరిపెద్ద తెడ్డుకర్రతో పడవ అంచు మీద తట్టేవాడు. దిగిన మనిషికి ఒక దెబ్బ చొప్పున. ఆ దెబ్బలు పూర్తయ్యేవరకు ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్లు పెదవి విప్పరాదు. ఎన్ని దెబ్బలు వినబడితే అంతమంది ప్రాణాలతో తిరిగివచ్చినట్టు.

అత్త భర్త పోలయ్య మామ ఎక్కిన పడవ ఒక గాలివానలో తిరిగిరాలేదు. మనిషి దొరకలేదు... చెక్కముక్క కూడా కొట్టుకురాలేదు. కర్మ జరిపించి గాజులు తీసెయ్యమని ఊరివాళ్లు పట్టుబట్టారు. అత్త ఒప్పుకోలేదు.

"దెబ్బ పడకుండా లెక్క ఎట్టా తెగద్దయ్యా?" అనేది.

ఒకనాడు శామ్యూల్ అన్న నవ్వుతూ అన్నాడు. "అక్కా, ఇది మనుషుల్ని ఎంచేది కాదు. దీని లోపల ఎంత చోటుండాదో పొద్దున్నే తడుముకుని చూసుకుంటుండాది, అంతే."

"మా ఊరిపెద్ద చేసేదీ అదే గదబ్బయ్యా."

"అయితే మీ పెద్ద ఉత్త మొండోడక్కా! రోజూ ఒకటే లెక్క చెప్తుండాడు."

అత్త నవ్వలేదు. "అందుకే రోజూ వస్తుండా" అంది.

కొన్నాళ్లకు నెల్లూరు నుంచి ఒక మెకానిక్కు వచ్చాడు. కంప్యూటరుకు కొత్త ఆపరేటింగ్ సిస్టం వేస్తాడట. ఇక తెర మీద అక్షరాలు కొట్టనక్కరలేదట... బొమ్మలు వస్తాయట, చిన్న బాణంతో వాటిని తాకితే చాలట. దానికి లోపల మరింత చోటు కావాలని, పెట్టె విప్పి ఒక పచ్చని బిళ్లను బిగించాడు. ఫ్లాపీలు ఒకటొకటిగా పెట్టి తీశాడు. అత్త ఆ పూట చెరువుగట్టు మీద పనిలో ఉంది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

మరునాడు పొద్దున శామ్యూల్ అన్న స్విచ్చి నొక్కాడు. ఎప్పటిలాగే చప్పుళ్లు మొదలయ్యాయి. రోజూ ఆగే చోటికి వచ్చాయి...

ఆగలేదు.

టక్...

అత్త గోళ్లు నా భుజంలో దిగాయి.

టక్... టక్...

"వచ్చినాడు" అంది, చాలా మెల్లగా. "మీ మామ దిగినాడురా."

అన్న ఏదో చెప్పబోయేలోగా ఆమె వాకిలి దాటింది. నేను వెనుకనే పరుగెత్తాను. గాలి బాగాలేదని ఆ రోజు ఒక్క పడవా వేటకు పోలేదు. ఎండ కాస్తున్న ఒడ్డు మీద ఎవరూ లేరు. అత్త చీలమండల లోతు నీళ్లలో ఆగి, పక్కకు తిరిగి, కొంగు ముందుకు చాచింది.

"ముందు తల తుడుచుకో... జొరమొస్తది" అంది.

కాసేపటికి కొంగు వెనక్కి తీసుకుని ఇంటిదారి పట్టింది. ఇద్దరు నడిచేటంత చోటు వదిలి, దారికి ఒక పక్కగా నడిచింది.

నేను పగలు పని చేసుకుంటూ రాత్రి కాలేజీలో చదివి పట్టభద్రుడినైన వాణ్ణి. రుజువు లేని మాట రాయడం నాకు అలవాటు లేదు. అత్త కొంగు తడిసింది సముద్రపు తుంపరకే అయి ఉండవచ్చు. అయితే ఆ కొంగు నానిపోయి, ఇంటిదాకా నీళ్లు కారుతూ రావడం మాత్రం నేను కళ్లారా చూశాను.

ఆనాటినుంచి అత్త రెండు కంచాలు పెట్టేది. ఆఫీసులో చిమ్ముతూనే ఉండేది కాని, చప్పుడుకు చీపురు ఆపేది కాదు. గాజుల మాట ఊళ్లో మరెవరూ ఎత్తలేదు.

ఆ పచ్చబిళ్లతో లోపల చోటు పెరిగినందుకే చప్పుళ్లు ఎక్కువయ్యాయని చెప్పి ఆమె భ్రమ తొలగించాలని శామ్యూల్ అన్న ఒక సాయంత్రం బయలుదేరాడు. నేనూ వెంట వెళ్లాను. ఆయన గడప ముందు చెప్పులు విడిచాడు. ఒక క్షణం చెవి ఒగ్గి నిలబడి, మళ్లీ చెప్పులు తొడుక్కున్నాడు.

"ఏందన్నా, చెప్పవా?" అన్నాను.

"లోపల ఇద్దరూ మాట్లాడుకుంటుండారు... మళ్లా వస్తాంలేరా."

ఆయన మళ్లీ రాలేదు.

అత్త కాలం చేసి చాలా ఏళ్లయింది. మొన్న నా కంప్యూటరులో కొత్త ఆపరేటింగ్ సిస్టం వేయించాను. స్విచ్చి మీదనుంచి వేలు తీసేలోగా తెర వెలిగింది. నల్లని తెర లేదు, అంకెలు లేవు, చప్పుడు లేదు. అందరూ ఎంత వేగమో అని మెచ్చుకున్నారు. నా చేయి మాత్రం నాకు తెలియకుండానే నా భుజం మీదికి వెళ్లింది. ఇంత తొందరగా ఒడ్డుకు వచ్చేసిందంటే... ఎవరినీ ఎంచకుండానే వచ్చి ఉంటుంది.

మీరు చూసిన మొదటి కంప్యూటరు లేచేటప్పుడు మీ పక్కన నిలబడి, ఈనాడు లేనివారు ఎవరైనా ఉంటే, వారి పేరు కింద రాయండి. చదివిన ప్రతి పేరుకూ నేను ఇక్కడ బల్ల మీద ఒకసారి తడతాను...