పదో తరగతి కొలత

ఆ రోజుల్లో అని మొదలుపెడితే చదివేవాళ్లు కాస్త సర్దుకుని కూర్చుంటారని విన్నాను కాబట్టి నేనూ అలాగే మొదలుపెడుతున్నాను. ఆ రోజుల్లో, అంటే ఆరేళ్ల కిందట, ములకలపల్లి అవతల అడవి అంచున మహాకావ్యానికి సరిపడా సంగతి ఒకటి జరిగింది. అందులో స్నేహం ఉంది, మరణం ఉంది, కాలంతో పందెం ఉంది, పాతాళంలోకి దిగడం కూడా ఉంది. ఎప్పటికైనా దాన్ని పద్నాలుగు ఆశ్వాసాల్లో రాయాలని అప్పట్లో అనుకున్నాను. తీరా రాద్దామని కూర్చుంటే అది కావ్యం కాదు, ఒక గుంత. ఆ గుంతను కూడా మేం సరిగ్గా తవ్వలేదు. కాబట్టి ఆశ్వాసాలు మానేసి జరిగింది చెబుతాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఖమ్మంలో ఒక కిరాయి గదిలో ఉండేవాణ్ణి. సర్కారు కొలువు కోసం చదువుతున్నానని ఇంటికి ఫోన్ చేసి చెప్పడమే నా కొలువు. బడిలో నా పేరు బుడ్డోడు. కారణం వివరించక్కర్లేదు, ప్రార్థన వరుసలో అందరికంటే ముందు నేనుండేవాణ్ణి. వరుస చివర పొడుగోడు ఉండేవాడు. మాస్టారు ఎవరినైనా చెయ్యెత్తమంటే వాడికి ఎత్తే పని ఉండేది కాదు, ఎలాగూ కనిపించేవాడు. టెన్త్ అయ్యాక నలభై మందిమీ నలభై దిక్కులకు పోతే వాడొక్కడే ఊళ్లో ఉండిపోయి, కరెంటు లైన్ పనికి సాయంగా పోతూ, మా అందరికీ కలిపి ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టాడు. (నిచ్చెన అక్కర్లేదని వాణ్ణి పనిలో పెట్టుకున్నారని ఆ గ్రూపులో మేమందరం రాశాం. ఒక్కొక్కళ్లం వేరువేరుగా రాశాం.) నెలకోసారి నాకు ఫోన్ చేసి ఎప్పుడొస్తున్నవురా అనేవాడు. వచ్చే నెల అనేవాణ్ణి. ఆ వచ్చే నెల ఏడేళ్లపాటు వస్తూనే ఉంది.

వాళ్ల నాన్న కొత్తగూడెం వైపు బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు భూమి లోపల పని చేసి, రిటైరై సొంత ఊరికి వచ్చిన మనిషి. కొడుకును మాత్రం గని దరిదాపులకు పోనివ్వలేదు. లోపల పైకప్పు కూలుతుంది, గాలి చెడుతుంది, నువ్వు పైనే ఉండు అన్నాడట. పైనే ఉన్న కొడుక్కి ఆ ఏడు వానాకాలం జ్వరమొచ్చింది. ఖమ్మం దవాఖానాలో చేర్చిన ఐదో రోజు పోయాడు. ముప్పై ఏళ్లు నెత్తిన కొండంత బొగ్గు పెట్టుకుని తిరిగిన తండ్రికి ఏమీ కాలేదు, కొడుకును ఒక దోమ తీసుకుపోయింది. ఇందులో నవ్వడానికి ఏముందో నేను ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఆ దవాఖానా నా గదికి నడిచిపోయేంత దూరం. వాడు అందులో ఐదు రోజులున్న సంగతి నాకు మర్నాడు తెల్లవారుజామున గ్రూపులో తెలిసింది, ఒకరు పెట్టిన గులాబీ పువ్వుకూ ఇంకొకరు పెట్టిన శుభోదయానికీ మధ్య. ఆ కింద వరసగా దండం పెడుతున్న చేతులు, ఏడుపు మొహాలు. ఒకడు బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టి, కాసేపటికి తీసేశాడు. నలభై మందిలో బయల్దేరుతున్నామన్నవాళ్లు ఇరవై ఆరుగురు. ఎనిమిదింటికల్లా ఊళ్లో దిగినవాళ్లం ముగ్గురం. నేను, లీడరు, జెరాక్సు. లీడరు మా క్లాసు లీడరు, అప్పుడు బైకుల షోరూంలో అమ్మకాలు చూసేవాడు, ఏ మాట చెప్పినా బండి తాళాలు చేతిలో పెడుతున్నట్టే చెబుతాడు. జెరాక్సు పరీక్షల్లో పక్కవాడి పేపరును కొట్టివేతలతో సహా దించినవాడు, అప్పటికి బస్సు కండక్టరు.

వాళ్లది క్రైస్తవ కుటుంబం, పూడ్చిపెట్టడం ఆచారం. ఊరి సంఘ పెద్ద చర్చి ముందు నిలబడి పనులు పంచుతున్నాడు. "పన్నెండుకు వ్యాన్ల తెస్తరు. వానకాలం, పెట్టుకొని కూసునే రోజులు గావు. వచ్చేటాల్లకు బొంద తయారుండాలె," అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పాడు. "ఇంటోళ్లు మట్టి ముట్టొద్దు. ఆ తండ్రి చేతికి గడ్డపార అందొద్దు. అది మా కాడ మర్యాద. జోడీగాళ్లే, దోస్తులే తవ్వాలె."

నిజానికి నలుగురు ఊరి కుర్రాళ్లు గడ్డపారలు, పారలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. వాళ్లకు వదిలేసి ఉంటే ఈ కథ ఇక్కడితో మర్యాదగా ముగిసేది. కానీ లీడరు ముందుకొచ్చి, కళ్లనిండా నీళ్లతో, "మేం తవ్వుతం పెద్దనాయనా. వాడు మావోడు," అన్నాడు. ఆ క్షణంలో నాకూ గుండె పొంగింది. ఏడేళ్లుగా రాని మనిషికి అంతకంటే మంచి అవకాశం దొరకదు కదా. ఊరి కుర్రాళ్లు మారుమాట లేకుండా పనిముట్లు మా చేతికిచ్చి, కాస్త దూరంలో కూర్చున్నారు. వాళ్ల మొహాల్లో కనిపించింది గౌరవం అనుకున్నాను. అది వినోదం మీద ఆశ అని గంట తర్వాత అర్థమైంది. (మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ మిరప వేసుకుని, నా టెన్త్ కాగానే తిరిగి పోయిన కుటుంబం. మాలో దహనం. గుంతల్లో నాకు వంశానుభవం కూడా లేదు.)

మొదటి చిక్కు కొలత. ఎంత పొడుగు తవ్వాలి? టేపు లేదు. పోనీ ఇంటికి పోయి వాళ్లమ్మను అడుగుదామంటే ఆ ధైర్యం ముగ్గురిలో ఎవరికీ లేదు. లీడరు ఫోన్ తీసి టెన్త్ క్లాసు గ్రూపు ఫోటో తెరిచాడు. అందులో పొడుగోడు చివర నిలబడి ఉంటాడు. ఫోటోగ్రాఫర్ రెడీ అనగానే ముందు వరుసలోంచి నేను లేచి పరిగెత్తి, వాడి పక్కకు చేరి, వెనక నుంచి వాడి తలకు రెండు వేళ్లతో కొమ్ములు పెట్టబోయాను. కొమ్ములు రాలేదు. నా వేళ్లు సరిగ్గా వాడి జుట్టు దాకా పోయి ఆగిపోయాయి. ఫోటోలో అది స్పష్టంగా ఉంది.

"ఇగ జూడు. బుడ్డోడు చెయ్యెత్తితే వాడంత," అన్నాడు లీడరు.

"బుడ్డోడు అప్పటిసంది పెరిగిండా?" అన్నాడు జెరాక్సు, అనుమానం తీర్చుకోవడానికి.

ఇద్దరూ నన్ను చూశారు. చూసి, నిశ్చింతగా తలలూపారు. నేను పెరగలేదు కాబట్టి వాడూ పెరగలేదని ముగ్గురం ఒక నిర్ణయానికి వచ్చాం. దానికోసం మేం ప్రత్యేకంగా ఆలోచించలేదు, సహజంగానే వచ్చాం. నేను తడిమట్టిలో వెల్లకిలా పడుకుని కుడిచెయ్యి తలపైకి చాచాను. నా మడమల దగ్గర ఒక గీత, వేళ్ల చివర ఒక గీత గీశారు. శవపెట్టె కోసమని పైన నాలుగు వేళ్లు కలిపారు. నేను లేచి వీపు దులుపుకున్నాను. స్నేహితుడి చోట్లో వాడికంటే ముందు పడుకున్నందుకు ఏదైనా గొప్ప భావం కలుగుతుందేమో అని చూశాను. చలేసింది, అంతే.

పైన ఒక అడుగు వానకు నానిన నల్లమట్టి, వెన్నలా వచ్చింది. ఆ అడుగు తవ్వుతున్నంతసేపూ లీడరు స్నేహం గురించి మాట్లాడాడు. ఆ కింద ఎర్ర మొరం తగిలింది, లీడరు మాటలు ఆగిపోయాయి. గడ్డపార వేస్తే ఖంగుమని ఎగిరి మా మోకాళ్ల మీదికే వచ్చేది. తొమ్మిదిన్నరకు నా అరచేతుల్లో నాలుగు బొబ్బలు, పదింటికి ఏడు. ఊరి కుర్రాళ్లు రెండుసార్లు వచ్చి మేం తవ్వుతమన్నారు, లీడరు రెండుసార్లూ వద్దన్నాడు. రెండోసారి వద్దన్నప్పుడు గొంతులో ఏడుపు వినిపించింది, అది పొడుగోడి కోసం కాదు. మూడోసారి వాళ్లలో ఒకడు లోపలికి తొంగి చూసి, పొడుగు సాలదేమో అన్నాడు. లీడరు గుంతలోంచే ఫోన్ పైకెత్తి, ఫోటో రెండు వేళ్లతో పెద్దది చేసి చూపించాడు. అతనికి రుజువు సరిపోయింది. వెళ్లి కూర్చున్నాడు.

పావు తక్కువ పన్నెండుకు ముగించాం. ఇది చెప్పకుండా దాటేయొచ్చు గానీ చెబుతాను. ఆ గుంతకు ఫోటో తీసి గ్రూపులో పెట్టాం. తీసింది నేనే. బయల్దేరుతున్న ఇరవై మూడు మందీ వెంటనే దండాలు పెట్టారు.

వ్యాను వచ్చింది. పెట్టె దిగింది. అది దిగుతుంటే నేను మొదటిసారి గుంత వైపు తిరిగి చూశాను, ఎందుకంటే అది దిగడం చాలాసేపు సాగింది, ఒక చివర బయటికి వచ్చాక ఇంకా పెట్టె వస్తూనే ఉంది. మొయ్యడానికి ఆరుగురు సరిపోక ఎనిమిది మందయ్యారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు, ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు, తాళ్లతో పెట్టెను దించారు. తలవైపు దిగింది. కాళ్లవైపు అంచు మీద ఆగింది. తీసి, కొంచెం జరిపి, మళ్లీ దించారు. ఈసారి కాళ్లవైపు దిగింది, తలవైపు ఆగింది. పాటలో ఉన్న చరణాలన్నీ అయిపోయి మళ్లీ మొదటికొచ్చింది. వాళ్లమ్మ ఏడుపు ఆపి చూసింది. అంతకంటే ఆమె ఏడిస్తేనే బాగుండేది.

పెట్టెను తీసి గట్టున పెట్టారు. అప్పటిదాకా దూరంగా నిలబడ్డ వాళ్ల నాన్న వచ్చి గుంతలోకి చూశాడు. ఆయన చూపు ఎలా ఉందంటే, మాస్టారు పేపరు దిద్దేటప్పటి చూపు.

"కొలత ఎవరు తీసిండ్రు?" అన్నాడు.

లీడరు నేల చూశాడు. జెరాక్సు లీడరును చూసి దించాడు. నేను చెయ్యెత్తాను. "నేనే బాబాయ్," అన్నాను. కాస్త ఆగి, "అంటే, నేనే కొలత," అన్నాను. అది హాస్యంగా అనలేదు. జరిగింది అదే.

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు, పెద్దగా టైం పట్టలేదు. లీడరు ఫోన్ చూపించబోతూ టెన్త్ ఫోటో సంగతి నసిగాడు. ఆయన ఫోన్ పట్టుకుని ఫోటో చూశాడు. నా వేళ్లను, వాడి జుట్టును, వాడి నవ్వును చూశాడు. ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

"టెన్త్ అయినంక గూడ పెరిగిండు బిడ్డా," అన్నాడు. "మీరు సూడలే."

ఇప్పటిదాకా నన్ను తిట్టినవాళ్లున్నారు, కొట్టినవాళ్లున్నారు. ఆ రెండు మాటలంత మెత్తగా ఎవరూ ఏమీ అనలేదు, అంత బాగా ఏదీ తగలనూ లేదు.

ఆయన చొక్కా విప్పి మడిచి నా భుజం మీద వేశాడు. గడ్డపార తీసుకున్నాడు. సంఘ పెద్ద అడ్డం వచ్చి, "అన్నా, నువ్వు దిగొద్దు. ఇంటోళ్లు ముట్టొద్దు. పిల్లగాండ్లున్నరు గదా," అన్నాడు. పిల్లగాండ్లం అంటే మేము. ఆయన మా వైపు చూడలేదు, అదొక దయ.

"ముప్పై ఏండ్లు మందికి తవ్విన. నా పిల్లగానికి జానెడు తవ్వొద్దా?" అన్నాడు. సంఘ పెద్ద పక్కకు తప్పుకున్నాడు.

మట్టి ఎత్తడానికి లోపల ఇంకొకళ్లు కావాలి, చోటు తక్కువ. చిన్నగా ఉండటం నా జీవితంలో ఒక అర్హత అయింది అప్పుడే. తట్ట పట్టుకుని దిగాను. ఆయన గడ్డపార వెయ్యకుండా ముందు తల పైకెత్తి చూశాడు. నేనూ చూశాను. మబ్బు పట్టిన ఆకాశం, మా మీదికి వంగిన మొహాలు, అంతే ఉంది.

"ముందుగాల పైకప్పు సూడాలె. ఎనకనే చెయ్యి ఎయ్యాలె," అన్నాడు.

"ఆకాశమే బాబాయ్," అన్నాను.

"అయిన సరే సూడాలె."

ఆ తర్వాత గోడను గడ్డపార కొసతో తట్టి విన్నాడు. మూడు చోట్ల తట్టి, నాలుగో చోట వేశాడు. మేం పొద్దుటి నుంచీ గొంతు పిసికినట్టు పట్టుకుని బాదిన ఆ గడ్డపారను ఆయన ఊరికే వదిలేసినట్టు వదిలితే మొరం పలకలుగా ఊడి పడింది. తవ్వుతూ మధ్యలో, మామూలుగా మాట్లాడుతున్నట్టే, వాడు నిద్రలో కాళ్లు చాపితే మంచం దాటి పోయేవని, అందుకే పోయినేడు వడ్రంగితో మంచం పొడుగు చేయించానని చెప్పాడు. నేను తట్టలు నింపి పైకి అందించాను. నా చెయ్యి గట్టు దాకా అందకపోతే పైనుంచి లీడరు, జెరాక్సు వంగి అందుకున్నారు. పావుగంట పట్టింది. గోడ గీత గీసినట్టు వచ్చింది. మేం తవ్విన మూడు గోడల పక్కన అది వేరే మనిషి రాసిన అక్షరంలా కనిపించింది. పెట్టె ఈసారి ఎక్కడా తగలకుండా దిగింది. అందరూ తలా పిడికెడు మట్టి వేశారు. మా ముగ్గురి మట్టి కూడా మొరమే, చప్పుడైంది.

లీడరు ఆ సాయంత్రమే ఏటా అదే రోజున అందరం కలవాలని గ్రూపులో రాశాడు. మరుసటి ఏడు నలుగురం వెళ్లాం, ఆ తర్వాతి ఏడు ఇద్దరం. ఇప్పుడు గ్రూపులో గులాబీలు, శుభోదయాలే. పొడుగోడి నంబరు అందులో అలాగే ఉంది. తీసేద్దామని ఒకరిద్దరు అన్నారు గానీ, అడ్మిన్ వాడొక్కడే, తీసేసే అధికారం మాకెవరికీ లేదు. అప్పటి ఆ కుర్రాణ్ణి, తడిమట్టిలో చెయ్యి చాచి పడుకుని స్నేహితుణ్ణి కొలిచేశానని నమ్మినవాణ్ణి తలుచుకుంటే కోపం రాదు. నవ్వొస్తుంది, కొంచెం. ఎవరైనా ఫోన్ చేసి ఎప్పుడొస్తున్నవురా అంటే ఇప్పుడు తారీఖు చెబుతున్నాను. సగంసార్లు పోతున్నాను కూడా.

ఆ రోజు బస్సు ఎక్కేముందు చొక్కా తిరిగి ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లాను. ఏదో చెప్పాలని గుమ్మం దగ్గర నిలబడ్డాను. పద్నాలుగు ఆశ్వాసాలకు సరిపడా మాటలు గొంతులో ఉన్నాయి. ఆయన చొక్కా తీసుకుని, నా చెయ్యి పట్టి తిరగేసి, బొబ్బలు చూశాడు.

"చిదమకు. కొబ్బరినూనె రాయి. వారంల మానుతయి," అన్నాడు.

తొమ్మిది రోజులు పట్టింది.