అడ్డగీత అత్తయ్య

ప్రెస్సులో అందరూ ఆమెను అడ్డగీత అత్తయ్య అనేవాళ్ళు. ఇంగ్లీషు బడిపుస్తకాలు అచ్చేసే ప్రెస్సు అది. అత్తయ్య ప్రూఫు పైకి చదివితే, ఎదురుగా కూర్చున్న కళ్ళజోడాయన రాతప్రతితో పోల్చి చూసుకునేవాడు. పంక్తి చివర చోటు చాలక మాట విరిగినప్పుడు అక్కడొక అడ్డగీత ఉంటుంది కదా, అక్కడికి రాగానే ఆమె వేలి కణుపుతో బల్లమీద టక్కున కొట్టేది. మాట ఇంకా అవ్వలేదు, మిగతాది కింది పంక్తిలో ఉంది, ఆగు అని దానర్థం. ఆ టక్కు వినపడ్డాక కళ్ళజోడాయనే కాదు, యజమాని కూడా నోరెత్తకూడదు. ఎత్తాడో, అత్తయ్య ఒంటికాలిమీద లేచేది. మాటను ఎక్కడపడితే అక్కడ విరిచినా ఊరుకునేది కాదు. "నోరు ఎక్కడ ఆగుతుందో అక్కడ విరవండర్రా, చదివేది చిన్నపిల్లలు!" అని కంపోజింగ్ వాళ్ళ దుమ్ము దులిపేది.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కాలూ చెయ్యీ మెల్లగా దారికొచ్చాయి గానీ నాలుక మొండికేసింది. మాటలు నేర్పే డాక్టరమ్మ, "మాటని ముక్కలు చేసుకుని ఒక్కో ముక్కే పలకండి" అంది. అత్తయ్యకు పగలబడి నవ్వాలనిపించింది. జన్మంతా చేసిన పని అదేగా!

అసలు చిక్కు ఆమె భర్త, మావయ్యతో వచ్చింది. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ప్రయాణికుడు నోరు తెరిచీ తెరవకముందే ఊరిపేరు తనే చెప్పేసి టికెట్టు చింపిన అలవాటు. అత్తయ్య "నీ..." అంటే చాలు, "నీళ్ళేగా, ఇదిగో" అని పరిగెత్తేవాడు. ప్రేమే, కాదనలేం. కానీ ఆ ప్రేమ ఆమె నోట ఒక్క మాటా పూర్తి కానివ్వలేదు. అన్నీ చేతికందుతున్నాయి, అడిగే అవకాశమే లేకుండా పోయింది. ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

ఒక ఆదివారం పొద్దున్నే యజమాని వచ్చాడు. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో గోడగడియారం. కానుకట.

"మీరు లేక ప్రెస్సు బోసిపోయిందత్తయ్యా. కానీ పైకి చదివే పని కదా... ఇక విశ్రాంతి తీసుకోండి. మీ కుర్చీలో ఇంకొకళ్ళని పెడదామని..." అని నసిగాడు.

"అదే మంచిదిలెండి," మావయ్య అందుకున్నాడు. "ఇంకేం చదువుతుంది పాపం? ఇంటిపట్టున ఉంటుంది."

టక్!

టీపాయి మీద కప్పులు అదిరాయి. ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు. యజమాని సంచిలోంచి తొంగిచూస్తున్న ప్రూఫుల కట్టను అత్తయ్య లాక్కుంది. పై కాగితంలో, పంక్తి చివర విరిగిన మాట ఒకటి వెతికి దానిమీద వేలు పెట్టింది.

"ట్రాన్స్," అంది. టక్. "పోర్..."

తర్వాతి ముక్క రాలేదు. మెడనరాలు బిగుసుకున్నాయి. నుదుట చెమట పట్టింది. యజమానికి జాలేసింది. సాయం చేద్దామని నోరు తెరవబోయాడు.

మావయ్య చటుక్కున ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. బతుకంతా బస్సుల్లో గడిపినవాడికి ఆ మాట తెలియదా? పెదవుల దాకా వచ్చింది. మింగేశాడు.

"ఆగండి సార్," అన్నాడు. "మాట ఇంకా అవ్వలేదు."



"టే," అంది అత్తయ్య ఎప్పటికో. "షన్."

మావయ్య మొహం పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. అత్తయ్యకు ఏడుపులకు తీరిక లేదు. గడియారం వైపు వేలు చూపించింది.

"తీ... సు... కె... ళ్ళం... డి," అంది. "ప్రె... స్సు... లో... గో... డ... కి..."

మళ్ళీ ఆగింది. ఇద్దరు మగాళ్ళూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"నా కు... ర్చీ... ఎ... దు... రు... గా. రే... పు... వ... స్తా."