గొడుగు గుమస్తా కథలు చెప్పిన టీచరమ్మ

మా హిందీ టీచరమ్మగారు పోయారన్న కబురు మా ఆయన తెచ్చాడు. పొద్దున్న పదకొండు గంటల వేళ నేను చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. "టీచరమ్మ ఎల్లిపోనారంట" అన్నాడు, గుమ్మంలో నిలబడే. "అలాగా" అన్నాను. చేటలో ఇంకా సగం బియ్యం ఉన్నాయి. అవన్నీ ఏరాను, కడిగాను, ఎసట్లో పోశాను. అన్నం ఉడికాక ఇద్దరం తిన్నాం కూడా. ఆ తర్వాతే చీర మార్చుకుని బయల్దేరాను. ఇలా రాయడానికి సిగ్గుగానే ఉంది. పదిహేను రోజులైంది. ఏడుపు ఇంకా రాలేదు.

మీలో కాశీబుగ్గవాళ్ళు కొందరు ఆవిడ దగ్గర చదువుకునే ఉంటారు. టెక్కలి ఆడపడుచు, బాప్టిస్టు చర్చి కుటుంబం. భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. క్లాసులో ఎవరైనా అర్థం తెలియక ఏదో ఒకటి రాసేస్తే, "తెలీకపోతే ఖాళీ వదిలెయ్. ఊహించి రాయకు" అనేవారట. నేను ఆవిడ దగ్గర చదువుకోలేదు. నాకు ఆవిడ వెనక వీధి మనిషి మాత్రమే. మేం దగ్గరైంది ఒక బొమ్మల సీరియల్ వల్ల.

అప్పట్లో మా ఆయన మా నాలుగు వీధులకూ కేబుల్ కనెక్షన్లు ఇచ్చేవాడు. ఏ ఛానెల్ వస్తోందో, ఏది రావడం లేదో చూసుకోవడానికి మా వరండాలో ఎప్పుడూ ఒక టీవీ మోగుతూ ఉండేది. జీడి బట్టీల్లో పని ముగించుకుని ఇళ్ళకు పోయే ఆడవాళ్ళు మా అరుగు మీద కాసేపు కూర్చుని పోయేవారు. వాళ్ళలో గౌరి ఒకతె. జీడిపిక్కలు కొట్టే పని. ఆ నూనెకు వేళ్ళన్నీ నల్లబడి ఉండేవి. తీరం వైపు పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి పోయేది.

ఒక శనివారం సాయంత్రం టీచరమ్మగారు తన కనెక్షన్ పోయిందని చెప్పడానికి వచ్చారు. టీవీలో జపాన్ వాళ్ళ బొమ్మల సీరియల్ ఏదో హిందీలో వస్తోంది. ఆవిడ చెప్పాల్సింది మర్చిపోయి నిలబడి చూశారు. అయిపోయాక, "వచ్చే వారం కూడా వస్తుందా ఇది?" అని అడిగారు. ఆ వచ్చే వారం అయిదు నిమిషాల ముందే వచ్చి కుర్చీ వేసుకున్నారు.

"ఇదేటి టీచరమ్మా, సిన్నపిల్లల బొమ్మలు మనం సూడ్డమేటి?" అంది గౌరి.

"పిల్లలది కాదు గౌరీ. మన గురించే. ఉండు, చెప్తాను" అన్నారావిడ.

ఆ సీరియల్ సంగతి మీకు కొంచెం చెప్పాలి. పై లోకంలో ఒక ఆఫీసు. అందులో ఒక పొట్టి గుమస్తా. మనుషుల్ని ఈ భూమ్మీద ఇంకా ఉండనివ్వాలా వద్దా అన్నది చూసి రిపోర్టు రాయమని అతన్ని కిందికి పంపుతారు. తనకంటే పెద్ద గొడుగు ఒకటి, తోడుగా నోరు ఊరుకోని బాతు ఒకటి. వారానికి ఒక ఊరు. ఊరూరా ఏదో ఒక వింత. ఒక ఊళ్ళో క్షమాపణలు కొట్లో అమ్ముతారు. ఎంత తప్పు చేస్తే అంత పెద్ద పొట్లం. పొద్దంతా ఊరికి అమ్మిన కొట్టువాడు ఇంటికి వెళ్ళేసరికి పెళ్ళానికి ఇవ్వడానికి పొట్లం ఒక్కటీ మిగలదు. ఇంకో ఊళ్ళో పని ఉన్నట్టు కనిపించేవాడికే గౌరవం. అందుకని అందరూ ఖాళీ పెట్టెలు మోసుకుని పరుగెడుతూ ఉంటారు. "అచ్చం మా మేస్త్రీయే" అంది గౌరి, అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. ప్రతివారం చివర గుమస్తా రిపోర్టు రాస్తాడు, చదువుకుంటాడు, చింపేస్తాడు. ఆ ముక్కలు బాతు తినేస్తుంది.

టీచరమ్మగారు హిందీ మాటను వెంటనే తెలుగులో చెప్పేవారు. బాతుకు ఒక గొంతు, గుమస్తాకు ఒక గొంతు. బడిలో ఎప్పుడూ నవ్వని మనిషి బాతులా మాట్లాడుతుంటే అరుగు మీద వాళ్ళు టీవీని వదిలి ఆవిడ మొహమే చూసేవారు.

నాకూ హిందీ వింటే అర్థమవుతుంది. మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేశాడు. పదో తరగతి దాకా అక్కడే పెరిగాను. అందుకే ఆవిడ ఒక్క మాట కూడా పెంచరని, తగ్గించరని నాకు తెలుసు. ఒకే ఒక్కసారి తప్ప.

అంతకు ముందు వారంలో గౌరి ఒక సంగతి చెప్పింది. దాని మొగుడు కొబ్బరి దింపు తీసేవాడు. ఆ సరికే కాళ్ళు నీరు పట్టి చెట్టు ఎక్కలేక ఇంట్లో కూర్చున్నాడు. మా ఉద్దానంలో ఆ కిడ్నీల జబ్బు ఏ ఇంటికి వచ్చిందో వేలు పెట్టి చూపించనక్కర్లేదు. సంతబొమ్మాళి నుంచి గౌరి సొంత తమ్ముడు బావను చూడ్డానికి వచ్చాడు. వస్తూ వస్తూ చేతిసంచిలో నీళ్ళ సీసా తెచ్చుకున్నాడు. "నా ఎదురుగుండానే మూత తీసి తాగాడమ్మా. నానేటీ అన్నేదు" అంది గౌరి. ఆ ఇంటి నీళ్ళు తాగితే జబ్బు అంటుకుంటుందని జనానికి భయం.

ఆ శనివారం సీరియల్లో వచ్చిన ఊళ్ళో ఒక రోగం. రోగం వచ్చినవాళ్ళ నీడ రోజురోజుకీ పలచబడుతుంది. ఆ ఊరివాళ్ళు చాలా మర్యాదస్తులు. ఎవరూ ఒక్క మాట అనరు. నీడ పలచబడిన ఆమె ఇంటి నుంచి తమ ఇళ్ళను రోజుకు ఒక అడుగు దూరం జరుపుకుంటూ పోతారు, అంతే. చివరికి ఆమె ఇల్లు ఒక్కటే పొలం మధ్య మిగులుతుంది. గుమస్తా ఆమె గుమ్మంలో కూర్చుంటాడు. "నాకూ ఇరుగుపొరుగు ఉండేవారని రాయండి" అని ఆమె ఏడుస్తుంది.

టీచరమ్మగారు గౌరి వైపు ఒకసారి చూశారు. ఆ తర్వాత, "ఊరంతా తిరిగి వచ్చిందంట. ఆమె సంతోషంతో నవ్వుతోంది" అన్నారు.

అందరూ వెళ్ళిపోయాక నేను అడిగేశాను. "అలా లేదు కదండీ అందులో?"

ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. "లేదు. నువ్వు విన్నావు కదూ" అన్నారు. "ముప్ఫై ఏళ్ళుగా పిల్లల్ని ఊహించి రాయొద్దని తిడుతున్నాను" అన్నారు.

మళ్ళీ శనివారం గుమస్తా రాకముందే ఆవిడ గౌరి ఎదుట నిలబడ్డారు. "పోయిన వారం నేను నీకు తప్పు చెప్పాను గౌరీ. ఆ ఊరు తిరిగి రాలేదు."

గౌరి తల కూడా ఎత్తలేదు. "నాకు కళ్ళు నేవా టీచరమ్మా? ఆ బొమ్మ ఏడుత్తంటే నవ్వుతాందని సెప్పినావు. ఊరంతా ఒచ్చిందన్నావు, ఆ పొలంలో ఒక్క మనిసి నేడు."

"మరి అప్పుడే అనలేదేం?"

"నా కోసరం సెప్తన్నావని తెలిసిపోనాది. కాదని ఎలాగంతాను?" అప్పుడు తల ఎత్తి అంది. "మా ఇంటికి ఒకపాలి రా. అబద్ధం ఆడినందుకు అదే నీకు సిచ్చ."

ఆదివారం ఆరాధన ముగిశాక ఆవిడ బస్సెక్కి గౌరి ఊరు వెళ్ళారు. నన్నూ తీసుకెళ్ళారు. మంచం మీదున్న గౌరి మొగుడితో కొబ్బరి రకాల గురించి గంటసేపు మాట్లాడారు. గౌరి గ్లాసుతో నీళ్ళు తెచ్చి, ఇవ్వాలో వద్దో తెలియక గుమ్మంలోనే నిలబడింది. ఆవిడ లేచి వెళ్ళి తీసుకుని తాగారు. నేను కూడా తాగాను. కానీ నిజం చెప్పాలంటే, ఆవిడ తాగాక తాగాను.

ఆ ఏడాది చివర్లో ఆ ఛానెల్ ఆగిపోయింది. పైవాళ్ళు తీసేశారన్నాడు మా ఆయన. గుమస్తా చివరికి ఏం రాశాడో మాకు తెలియలేదు. గౌరి మొగుడు మరుసటి ఏడాది పోయాడు.

మూడేళ్ళ కిందట టీచరమ్మగారికి కూడా అదే జబ్బు బయటపడింది. వారానికి రెండుసార్లు విశాఖపట్నం రైలు, రక్తం శుద్ధి చేయించుకుని తిరిగి రైలు. వీధిలో ఒక మాట పుట్టింది. గౌరి ఇంట్లో తాగిన ఆ నీళ్ళ వల్లే వచ్చిందని. ఎవరన్నారో తెలీదు, అందరి నోటా అదే. గౌరి మా అరుగెక్కడం మానేసింది. దారిలో కనబడితే తల వంచుకుని పోయేది. ఒకరోజు నేనే ఆపి అడిగాను. "నానే సంపేసినాను వదినా ఆవిడిని. నానే రమ్మన్నాను" అంది.

ఈ మాట ఆవిడకు చెప్పాను. ఆవిడ గౌరిని పిలిపించారు. "గురువారం నాతో విశాఖపట్నం రా. డాక్టరుగారినే అడుగుదాం."

"నువ్వు సెప్పితే సాలదా?"

"నేను చెప్తే నీకు నమ్మకం ఎలా ఉంటుంది? ఒకసారి మార్చి చెప్పినదాన్ని."

ముగ్గురం వెళ్ళాం. డాక్టరు కుర్రవాడు, పాపం ఓపికగా విన్నాడు. ఈ జబ్బు ఎందుకొస్తుందో మాకే ఇంకా సరిగా తెలీదమ్మా అన్నాడు. గౌరి మొహం ఇంకా వాడిపోయింది. కానీ ఒక గ్లాసు నీళ్ళతో మాత్రం రాదు, ఆవిడకు ఎప్పటి నుంచో లోపల ఉండే ఉంటుంది అన్నాడు. గౌరి రెండోసారి అడిగింది. అతను రెండోసారి చెప్పాడు. తిరుగు రైల్లో టీచరమ్మగారు కిటికీకి తలానించి నిద్రపోయారు. శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటేదాకా గౌరి ఆవిడ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆఖరుసారి నేనూ గౌరీ కలిసి ఆవిడను చూడ్డానికి వెళ్ళింది ఒక మధ్యాహ్నం. ఆవిడ బాగా చిక్కిపోయారు. మాట సన్నగా వస్తోంది.

"ఆ గొడుగోడు సివరాకరికి ఏటి రాసుంతాడు టీచరమ్మా?" అంది గౌరి. "అబద్ధమైనా పర్నేదు, సెప్పు."

ఆవిడ ఆలోచించి, "నాకు తెలీదు గౌరీ" అన్నారు. మేం లేవబోతుంటే, "ఇంకా రాయకుండా తిరుగుతున్నాడేమో. ఇది నా ఊహ. సీరియల్లో ఉందని మాత్రం అనుకోవద్దు" అన్నారు.

"ఊఁ" అంది గౌరి. "అలాగే అనుకోను."

సమాధుల తోటలో జనం బాగానే ఉన్నారు. పాత విద్యార్థులు, చర్చివాళ్ళు, బట్టీ ఆడవాళ్ళు. పాస్టరుగారు ప్రార్థన చేశారు, కీర్తన పాడారు. వరసలో నా వంతు వచ్చినప్పుడు పిడికెడు మట్టి వేశాను. గౌరి వేసింది. మట్టి పొడిగా, వెచ్చగా ఉందని మాత్రం గుర్తుంది.

తిరిగి వస్తుంటే రైలు గేటు పడింది. గూడ్సు బండి. చాలా పొడవుగా ఉంది. అటూ ఇటూ ఆటోలు, సైకిళ్ళు, బుర్రలు దించుకున్న మనుషులు. గౌరి నా పక్కనే నిలబడింది. ఆఖరి పెట్టె వెళ్ళిపోయింది, గేటు పైకి లేచింది. మా ముందున్న స్కూటరతను బండి స్టార్టు చేయడం మర్చిపోయి పట్టాల వైపే చూస్తూ ఉండిపోయాడు. వెనక నుంచి ఎవరూ హారను కొట్టలేదు. గొడుగు గుమస్తా చూసి ఉంటే ఇది రిపోర్టులో రాసేవాడేమో అనిపించింది, అది నా ఊహే.