వీపుకంటిన మట్టి

బ్రాడీపేటలో మా అమ్మాయి జియుజిట్సు అనే కుస్తీ క్లాసు. నిన్న ఎదుటిపిల్ల దాన్ని వెల్లకిలా పడేసింది. అయిపోయిందనుకుని చెప్పులు వేసుకోబోయాను. మా పిల్ల కింద పడుకునే, కాళ్లతో ఆ పిల్ల మెడ బిగించింది. ఆ పిల్ల ఓడానన్నట్టు మ్యాట్ మీద తట్టింది. ఇద్దరూ నవ్వుతూ లేచారు. అప్పుడు నాకేమీ అనిపించలేదు.

మన పేటలో కుస్తీలు పట్టే తాలింఖానా గుర్తుందా, తమ్ముడూ? నూనె, పసుపు కలిపిన ఆ ఎర్రమట్టి వాసన? అక్కడ వీపుకు మట్టంటితే ఓడినట్టే. ఓ సాయంత్రం నాన్న వీపంతా మట్టితో ఇంటికొచ్చాడు.

"నీళ్లు తోడానండీ, రండి" అంది అమ్మ.

"ఉండనీయవే."

ఆ మట్టితోనే పడుకున్నాడు. మళ్లీ గోదాలోకి దిగలేదు.

"కింద పడ్డా గెలవొచ్చు నాన్నా, చూశావా?" అంది అమ్మాయి, నిన్న క్లాసు నుంచి బయటికొస్తూ.

"ఊఁ" అన్నాను.

స్కూటరెక్కే ముందు నా చెయ్యి దానంతటదే పిల్ల వీపు దులిపింది. అక్కడ మట్టేం లేదు.